ముల్లు లేవలేదట

బుధవారం, ప్రెస్సులో భోజన విరామం

ప్రియమైన వదినకు,

మీ ఆరోగ్యం, పిల్లల చదువులు అన్నీ చివర అడుగుతాను. ఈ ఉత్తరం మీ తమ్ముడి మీద ఫిర్యాదు. ఆయన్ని చంకనెత్తుకుని పెంచింది మీరు కాబట్టి ఇది ముందు మీకే చెప్పుకోవాలి. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మధ్యలో ఆపకుండా చదవండి.

కారు ఇంజిను పట్టేసింది. పోయిన సోమవారం, వానలో, కొండ మీది ఆసుపత్రికి వెళ్ళే దారిలో రెండో మలుపు దాటాక ఆగిపోయిందట. పైనుంచి ఒక పేషెంటును ఇంటికి దించాలి. ఆ పెద్దావిడ ఆసుపత్రి గేటు దగ్గర రెండు గంటలు తడుస్తూ కూర్చుంది. దాంతో టాక్సీ స్టాండు పెద్ద మీ తమ్ముడి పేరు ఆసుపత్రి వంతుల్లోంచి కొట్టేశాడు. ఇంజిను వేడి చూపే ముల్లు చూడడం రాని డ్రైవరు చేతికి రోగుల్ని ఇవ్వలేనని అందరి ముందూ అన్నాడట. పదిహేడేళ్ళు స్టీరింగు పట్టిన మనిషిని ఆ మాట అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంజిను బాగు చేయించినా ఆ వంతు తిరిగి రాకపోతే ఆ కారుతో మాకు పనేమీ ఉండదు.

జాలి పడాల్సిన చోట నేను అనుమానపడుతున్నాను, అదీ నా బాధ. ఇంజిను ఊరికే పట్టెయ్యదు. వేడెక్కి వేడెక్కి పట్టేస్తుంది. వేడెక్కితే డ్రైవరు ఎదురుగా ఉన్న ముల్లు ఎర్రగీత మీదికి పోతుంది. మన మెకానిక్కు ఇంజిను పైమూత, హెడ్డంటారు, అది విప్పి, వంకర తిరిగిన లోహం నాకు చూపించి, ఈ ఇంజిను కనీసం పది నిమిషాలు ఎర్రగీత మీద నడిచి ఉంటుందన్నాడు. మీ తమ్ముడేమో ముల్లు అసలు లేవలేదంటాడు. మధ్యలోనే ఉందట, చివర్లో ఇంకాస్త కిందికి కూడా దిగిందట. ఆ మాట విని మెకానిక్కు నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు తలకొట్టేసినట్టయింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కాళ్ళు తడిసి చలేస్తే హీటరు వేసుకున్నాడట, అందులోంచి చల్లగాలి వచ్చిందట. అది చూసి, ఇంజిను చల్లగానే ఉంది కాబోలు అనుకున్నాడట. వదినా, లోపల ఇంజిను మాడిపోతుంటే హీటరు చల్లగాలి కొట్టిందంటే ఎవరైనా నమ్ముతారా? అచ్చుతప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. తప్పు ఎక్కడుందో తెలియకపోయినా ఆ వాక్యం దగ్గర కన్ను ఆగుతుంది. మీ తమ్ముడి మాటల్లో ప్రతి వాక్యం దగ్గరా ఆగుతోంది.

నీళ్ళు తక్కువై ఉంటాయని మీరు అనొచ్చు. ఆ పని నాది. మూడు నెలలుగా పొద్దున్నే బానెట్ ఎత్తి చూసేది నేనే. పక్కన ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, దాని మీద రెండు గీతలుంటాయి, ఆకుపచ్చ నీళ్ళు ఆ రెంటి మధ్య ఉండాలి. ఒక్కరోజు కూడా కింది గీతకు దిగలేదు, పై గీతను దాటే ఉండేది. రేడియేటర్ మూత దగ్గర తెల్లగా ఉప్పు కట్టి చెమ్మ కారుతుంటే కూడా నేనే ఆపాను. మా ప్రెస్సులో అచ్చుయంత్రం నుంచి తీసేసిన నీలం రబ్బరు షీటు ఉంటే, అందులోంచి గుండ్రంగా బిళ్ళ కోసి మూత కింద వేశాను. మర్నాటి నుంచి చుక్క కారలేదు. మీ తమ్ముడే భుజం తట్టాడు. ఆ సోమవారం పొద్దున కూడా డబ్బా నిండుగా ఉంది, నా కళ్ళతో చూశాను. కాబట్టి నీళ్ళ తప్పు కాదు.

ఇక నా అనుమానం చెప్పేస్తాను. ఆ రోజు కారు తోలింది ఆయన కాదు. మీ వీధి చివర ఉండే ఆయన స్నేహితుడు, ఒక్కచోట నిలవడని అందరూ బొంగరం అని పిలుస్తారు చూడండి, అతను. రెండేళ్ళ కింద కూడా కారు అతనికిచ్చి, అతను గోడకు గుద్దితే, నేనే గుద్దానని మీ తమ్ముడు నాతో చెప్పాడు. నెల తర్వాత నిజం బయటపడింది. కారు పాడైనందుకు నేను ఏడవలేదు, నెలరోజులు నా ఎదుట కూర్చుని అన్నం తింటూ అబద్ధం మోసినందుకు ఏడ్చాను. ఇంకొక్క అబద్ధం దొరికితే నా దారి నాదేనని అప్పుడే చెప్పాను. ఉత్తినే బెదిరించలేదు.

పోయిన సోమవారం బొంగరం ఎక్కడున్నాడో మీరు కనుక్కుని రాయండి. నేను అడిగానని చెప్పకండి.

మీ జవాబు కోసం చూసే,
మీ మరదలు


శనివారం సాయంత్రం

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. బొంగరం ఆ సోమవారమంతా మీ ఇంటి పైకప్పు రేకులు బిగిస్తూ మీ కళ్ళెదుటే ఉన్నాడని రాశారు. సంతోషం. మీ మీద గౌరవం లేక కాదు గాని, ఒక్క మాట అడుగుతాను. వానలో రేకులు ఎవరైనా బిగిస్తారా? మీ వైపు వాన లేదంటారేమో. తమ్ముణ్ణి కాపాడుకోవడం అక్కకు సహజం, నేను తప్పు పట్టను. ఇలా రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

ఈ మధ్య రోజూ ప్రెస్సు నుంచి నేరుగా మెకానిక్కు షెడ్డుకు పోతున్నాను. అబద్ధం పట్టుకోవాలంటే నిజం ఎలా ఉంటుందో తెలియాలి కదా. అతను మొదట విసుక్కున్నాడు, తర్వాత విప్పిన ఇంజిను ముందు పీట వేసి కూర్చోబెట్టి చెప్పాడు. మనం పైకి చూసే ఇనుప దిమ్మ లోపల సన్నని కాలువలున్నాయి వదినా. పెట్రోలు మండే గదుల చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. ఒక చిన్న పంపు వాటిని తోస్తూనే ఉంటుంది. అక్కడ వేడెక్కిన నీళ్ళు పై గొట్టంలోంచి ముందున్న రేడియేటర్లోకి పోతాయి. దాని సన్నని గొట్టాల మధ్య రేకుల్లోంచి గాలి దూసుకుపోయి నీళ్ళను చల్లారుస్తుంది. చల్లారినవి కింది గొట్టంలోంచి మళ్ళీ ఇంజినులోకి వస్తాయి. దారిలో ఒక చిన్న తలుపుంది, థర్మోస్టాట్ అంటారు. పొద్దున ఇంజిను చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని నీళ్ళను లోపలే తిప్పుతుంది, తగినంత వేడెక్కాక తెరుచుకుంటుంది. మరీ చల్లగా ఉన్నా ఇంజినుకు మంచిది కాదట.

మూత సంగతి కూడా అడిగాను. మనింట్లో కుక్కర్లాగా ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. ఒత్తిడి ఉంటే నీళ్ళు మామూలుగా మరిగే వేడికి మరగవు. ఒత్తిడి మించితే మూత స్ప్రింగు లేచి, ఎక్కువైన నీళ్ళు పక్క డబ్బాలోకి పోతాయి. హీటరు కూడా ఆ వేడి నీళ్ళతోనే పని చేస్తుంది. దానికోసం డాష్ బోర్డు వెనకాల బుల్లి రేడియేటర్ ఒకటుంది. అంటే మెకానిక్కు నోటితోనే తేలిపోయింది. నీళ్ళు మరుగుతుంటే హీటర్లో వేడిగాలే రావాలి. ముల్లు లేవలేదన్నదీ, హీటరు చల్లగా ఉందన్నదీ రెండూ అబద్ధాలే. పై గొట్టం ఒకచోట నిలువునా చీలి ఉంది. అది చీలి నీళ్ళు పొంగి ఆవిరి లేచినా ఆపకుండా తోలారని మెకానిక్కు అభిప్రాయం. వానలో ఆవిరి కనపడలేదని మీ తమ్ముడు అంటున్నారు. ప్రతిదానికీ ఒక సమాధానం సిద్ధంగా ఉంది.

ఇవన్నీ పక్కన పెట్టండి. ఇంకొకటి చూశాను. కారును తాడు కట్టి లాక్కొచ్చిన రోజు నేను షెడ్డులో అడుగుపెట్టేసరికి ఆయన ఒక్కరే బానెట్ కింద వంగి ఉన్నారు. నన్ను చూసి ఏదో చటుక్కున చొక్కా జేబులో వేసుకున్నారు. ఏమిటంటే నట్టు అన్నారు. నట్టుకు జేబు అంత ఎత్తు లేవదు. ఆ రాత్రి ఉతకడానికి తీస్తే జేబు ఖాళీ. రోజూ మధ్యాహ్నం ఎక్కడికో పోతున్నారు కూడా. పనేమీ లేని మనిషి తల దువ్వుకుని మరీ పోతున్నారు. తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా చొక్కా తడిసి ఉంటుంది. ఎక్కడికంటే అలా నడిచొచ్చాను అంటారు. నడిస్తే కాళ్ళు తడుస్తాయి గాని చేతులు తడుస్తాయా?

నిన్న సెలవు పెట్టి వెనకాలే వెళ్ళాను. నవ్వకండి. కూరగాయల బజారు దాటి, సైకిలు షాపుల సందులో, నీలం తలుపున్న ఒక రేకుల షెడ్డులోకి వెళ్ళారు. నేను ఎదురు పాల దుకాణం దగ్గర గంటన్నర నిలబడ్డాను. పాలాయన మూడుసార్లు ఏం కావాలని అడిగాడు. మీ తమ్ముడు బయటికొస్తూ లోపలివాళ్ళతో నవ్వుతూ ఏదో అన్నారు. నాతో నవ్వి మూడు వారాలైంది వదినా. నాకు ఎక్కడ నొప్పి పుట్టిందో చెప్పలేను.

సోమవారం నేనే ఆ షెడ్డులోకి వెళ్తాను. ఏది దొరికినా సరే, ఇక ఆ ఇంట్లో ఉండను. ప్రెస్సులో కంపోజింగ్ చేసే ఆవిడ గదిలో నాకు చోటు అడిగాను, ఇస్తానంది. బట్టలు సర్దిన సంచీ మంచం కిందే ఉంది. మీకు ముందుగా చెప్పడం మర్యాదని రాశాను.

ఇట్లు,
మీ మరదలు


మంగళవారం

వదినా,

ముందు క్షమాపణ. మీ ఇంటి రేకుల గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాన్ని నల్లసిరాతో పూర్తిగా కొట్టేయండి.

నిన్న వెళ్ళాను. అది రేడియేటర్లకు అతుకులేసే షెడ్డు. లోపల సిమెంటు తొట్టి నిండా నీళ్ళు, గోడలకు వేలాడుతున్న పాత రేడియేటర్లు, మధ్యలో తెల్ల మీసాల మేస్త్రి. మూతులు బిగించిన రేడియేటర్ను తొట్టిలో ముంచి, గాలి కొట్టి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తున్నాడు. మీ తమ్ముడి చేతులు తడిసేది అందుకే. పది రోజులుగా ఆయన దగ్గర తొట్టి పని చేస్తున్నారట. ఆయన భార్యనని చెప్పి ఎందుకని అడిగితే, ముల్లు ఎందుకు లేవలేదో కనుక్కోవడానికి వచ్చి పనిలో కుదిరాడమ్మా అంటూ మేస్త్రి ఒక పాత ముల్లు మీటరూ, బ్యాటరీ, వైరు కొసన ఇత్తడి మొలలాంటిది బల్ల మీద పెట్టాడు. ఇంజినులో నీళ్ళ వేడి కొలిచి ముల్లుకు చెప్పేది ఆ మొలేనట.

స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు మరిగించి మొలను ముంచాడు. ముల్లు లేచింది. తర్వాత నీళ్ళు పారబోసి, ఖాళీ గిన్నెను మళ్ళీ మంట మీద పెట్టి, మొలను అంచులకు తగలకుండా లోపల వేలాడదీశాడు. గిన్నె అడుగు రంగు మారుతోంది, ముల్లు మాత్రం మెల్లగా కిందికి దిగుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను వదినా.

“దాని చుట్టూ నీళ్ళుంటేనే వేడి దానికి తెలుస్తుందమ్మా. గొట్టం చీలి నీళ్ళన్నీ ఒక్కసారే పోతే, ముల్లు లేవదు, పడిపోద్ది” అన్నాడు మేస్త్రి.

నీళ్ళు పోతే హీటరులోకీ వేడి నీళ్ళు రావు, చల్లగాలే వస్తుందని కూడా చెప్పాడు. మరి మా మెకానిక్కుకు ఇది తెలియదా అంటే, అతను ఇంజినువాడు, నీళ్ళ సంగతి వచ్చేసరికి పైపైనే చూస్తాడు అన్నాడు. నేను నవ్వలేకపోయాను. మీ తమ్ముడు చెప్పిన ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా నిజం. ఆ మాటలకే నేను ఆయన్ని ఇంట్లో మనిషిగా చూడ్డం మానేశాను.

పోనీ గొట్టం ఎందుకు చీలిందని అడిగాను. కొత్త గొట్టమే కదా, ఏడాది కూడా కాలేదు. మేస్త్రి మొహమాటపడ్డాడు. మీ ఆయన చేసిన పనేనమ్మా, పాపం తనే ఒప్పుకున్నాడు అంటూ అరలోంచి రేడియేటర్ మూత తీశాడు. దాని కింద అంటుకుని నీలం రబ్బరు బిళ్ళ. మూత మధ్యలో ఇంకో బుల్లి కవాటం ఉంటుందట, మా మెకానిక్కు చెప్పలేదు, నేను అడగలేదు. ఇంజిను చల్లారినప్పుడు నీళ్ళు కుంచించుకుపోతాయి. అప్పుడు ఆ కవాటం తెరుచుకుని, డబ్బాలోకి పోయిన నీళ్ళను రేడియేటర్ తిరిగి పీల్చుకుంటుంది. బిళ్ళ దాన్ని మూసేసింది. నీళ్ళు బయటికి పోగలిగాయి, తిరిగి రాలేకపోయాయి. డబ్బా ఎప్పుడూ పై గీత దాటి నిండుగా ఉంది అందుకే. లోపల మాత్రం రోజూ చల్లారగానే గొట్టం బుగ్గలు పీల్చుకున్నట్టు చప్పబడి, వేడెక్కగానే ఉబ్బి, మడత పడ్డ చోటే చీలింది. పొద్దున బానెట్ ఎత్తినప్పుడు ఆ చప్పబడ్డ గొట్టాన్ని నేను ఎన్నిసార్లో చూశాను. డబ్బా నిండుగా ఉంది కదా అని మూసేశాను.

ఈ బిళ్ళ ఎవరు పెట్టారయ్యా అని మేస్త్రి అడిగితే, నేనే పెట్టానని చెప్పారట మీ తమ్ముడు. ఆ రబ్బరుకు వెనకవైపు అంటి ఉండే గుడ్డ పొర మీద మా ప్రెస్సు సిరా మరకలు ఇంకా ఉన్నాయి. ఆ రోజు జేబులో వేసుకున్నది ఇదే. ఆయన ఏదో దాస్తున్నారని నేను అనుమానించాను, దాచినమాట నిజమే. దాచింది నా తప్పును.

సరిగ్గా అప్పుడే ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చారు. నా చేతిలో మూత చూసి ఆగిపోయారు. మేస్త్రి తొట్టి వైపు తిరిగి పని చూసుకున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. చేతులు తుడుచుకుంటూ ఒక్క మాట అన్నారు.

“చెబితే నువ్వు మళ్ళీ బానెట్ ఎత్తవు.”

పదకొండేళ్ళ కాపురంలో ఆ కారు దగ్గరికి నేను వచ్చింది ఆ మూడు నెలలేనట. పొద్దున్నే చీర కుచ్చిళ్ళు దోపుకుని డబ్బా గీతలు చూస్తుంటే ఆయన వంటింటి కిటికీలోంచి చూస్తుండేవారట. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, అది ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన నన్ను కాపాడాననుకున్నారు. ఆ కాపాడడం వల్ల మూడు వారాలు నేను నిజం చెప్పే మనిషిని అబద్ధాలకోరును చేశాను, మీ మీద కూడా బురద చల్లాను. నా తప్పు నాకు చెప్పకుండా దాచడానికి నేను పసిపిల్లనా? ఆ మాటే అన్నాను. తల వంచుకుని విన్నారు. ఇంకొక్క అబద్ధం అన్న నా పంతం గుర్తుందా అని కూడా అడిగాను. గుర్తుంది, అందుకే భయపడ్డాను అన్నారు. సంచీ ఇంకా మంచం కిందే ఉంది, ఈ సాయంత్రం ప్రెస్సు నుంచి ఇంటికెళ్ళాక విప్పుతాను.

అక్కడి నుంచి నేరుగా ఇద్దరం స్టాండుకు వెళ్ళాం. వద్దంటే వినలేదు నేను. డ్రైవర్లందరూ బెంచీల మీద ఉన్నారు. మూత, బిళ్ళ చేతిలో పెట్టుకుని స్టాండు పెద్ద ముందు నిలబడి, ఇది కోసి పెట్టింది నేను, ముల్లు లేవలేదన్నది నిజం, ఈయన తప్పు లేదు అని మొత్తం చెప్పాను. నీళ్ళు ఎలా తిరుగుతాయో, ఎందుకు ఆగాయో ఒక్కటీ వదల్లేదు. పెద్ద ఓపిగ్గా విన్నాడు. విని, బిళ్ళను అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టి మంచిగానే అన్నాడు.

“మొగుడి కోసం ఆమాత్రం చెప్పడం సహజమేనమ్మా. మా ఇంటావిడైనా ఇలాగే అంటుంది.”

వెనక ఎవరో నవ్వారు. నేను మళ్ళీ చెప్పాను, గొంతు పెంచి చెప్పాను. పెంచేకొద్దీ నా మాటలు నాకే కట్టుకథలా వినపడ్డాయి. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను వదినా, ఒక్క అక్షరం కల్పించలేదు, అయినా వాళ్ళ మొహాల్లో ఆ మెత్తటి నవ్వు పోలేదు. మీ తమ్ముడు నవ్వలేదు. వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఈ మూడు వారాలు ఆయనకు ఎలా గడిచాయో నాకు అప్పుడు తెలిసింది. ఇంటికి నడిచొస్తుంటే దారి పొడుగునా నేను ఆయన చెయ్యి వదల్లేదు.

రేపు మేస్త్రిని, ఆయన స్టవ్వునూ గిన్నెనూ రిక్షాలో ఎక్కించుకుని మళ్ళీ స్టాండుకు పోతున్నాం. కళ్ళతో చూస్తే పెద్ద నమ్ముతాడనే అనుకుంటున్నాను, నమ్మకపోతే ఎల్లుండి కూడా పోతాం. మీ దగ్గర మాత్రం స్టవ్వూ గిన్నే లేవు, నా ఉత్తరాలే ఉన్నాయి. వాటిల్లో రెండు తప్పులతడకలు. ఈ మూడోదాన్నయినా నమ్మండి వదినా.

నమ్మమని అడిగే,
మీ మరదలు